సైకలాజికల్ థ్రిల్లర్‌లో మోసం, తప్పొప్పుల సందిగ్ధం: పర్లాకిమిడి కథతో ఒక సమగ్ర మార్గదర్శి

సైకలాజికల్ థ్రిల్లర్ రాయాలనుకునేవాళ్లలో చాలామంది ట్విస్ట్ దగ్గర మొదలుపెడతారు. ఆఖరి పేజీలో బయటపడే రహస్యం ఒకటి దొరికితే చాలు, మిగతా కథంతా దాన్ని దాచడానికే అన్నట్టు అల్లుకుపోతారు. అలా రాసిన కథ రహస్యం తెలిసిన మరుక్షణమే అయిపోతుంది. పాఠకుడు "అబ్బ!" అనుకుని పుస్తకం మూసేస్తాడు, రెండోసారి తీయడు.

నేను చెప్పే పద్ధతిలో ముందు కట్టుకోవలసింది వేరే ఉంది. నిజమంతా తెలిసిపోయాక కూడా ఎవరి వైపు నిలబడాలో తేలని పరిస్థితి అది. దాన్ని గట్టిగా కట్టుకుంటే ట్విస్ట్ తనంతట తానే దొరుకుతుంది. మోసం నిజం బయటపడేదాకానే నడుస్తుంది. తప్పొప్పుల పేచీ అక్కడే మొదలవుతుంది. ఈ రెండింటినీ ఒకే కథలో ఎలా పొదగాలో ఒక్క ఉదాహరణనే పట్టుకుని, మెట్టు మెట్టుగా చెబుతాను. కథ కల్పితం. ఊరు మాత్రం ఒడిశా సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడి.

మొదటి మెట్టు: అబద్ధానికి వీలున్న చోటు వెతకండి

పాత్రల కన్నా ముందు చోటు. మనుషులు ఒకరి మీద ఒకరు తప్పనిసరిగా ఆధారపడే చోట మోసం సహజంగా పుడుతుంది. చూపు ఆనని తండ్రికి కొడుకు బ్యాంకు పాస్‌బుక్ చదివి వినిపించడం లాంటి సందర్భాలు చూడండి. అక్కడ అబద్ధం ఆడటానికి పెద్ద పథకం అక్కర్లేదు, ఒక వాక్యం వదిలేస్తే చాలు.

సరిహద్దు జిల్లాల్లో ఇలాంటి సందర్భాలు ఎన్ని కావాలంటే అన్ని. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్లింది, కూతవేటు దూరంలోని పాతపట్నం ఇప్పటి ఆంధ్ర వైపు ఉండిపోయింది. ఇళ్లలో తెలుగు, ఆఫీసు కాగితాల్లో ఒడియా. ఊళ్లో పెద్దవాళ్లకు ఒడియా మాట్లాడటం వచ్చు, చాలామందికి చదవడం రాదు. భూమి పత్రం వచ్చినా, కోర్టు నోటీసు వచ్చినా ఇంట్లో చదువుకున్న వాడెవడో చదివి చెప్పాలి. ఆ చదివి చెప్పేవాడు మీ కథకుడు.

కొరాపుట్ జిల్లా పొట్టంగి, మన సాలూరు మధ్య ఉన్న కొఠియా పల్లెల సంగతి ఇంకా లోతైనది. 21 పల్లెలు మావంటే మావని రెండు రాష్ట్రాలు 1968 నుంచి సుప్రీంకోర్టులో తేల్చుకోలేకపోయాయి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా మళ్లీ కోర్టుకెక్కింది. అక్కడ చాలామంది దగ్గర రెండు వైపుల కార్డులూ ఉంటాయి. ఆఫీసులో కూర్చుని చూస్తే అది మోసంలా కనిపిస్తుంది. కొండ మీద రెండు ప్రభుత్వాల మధ్య బతికేవాడికి అది బియ్యం. ఒకే పని రెండు చోట్ల రెండు రకాలుగా తూగే ఇలాంటి సందర్భాన్ని పట్టుకోగలిగితే మీ కథకు సగం బలం అక్కడే వచ్చేస్తుంది. అయితే ఆ మనుషుల బతుకుని వింతగా చూపించడానికి వాడుకోవద్దు.

రెండో మెట్టు: జరిగింది జరిగినట్టు ముందు మీరు రాసుకోండి

పాఠకుడికి చెప్పే వరస తర్వాతి సంగతి. ముందు అసలేం జరిగిందో మీకు పూర్తిగా తెలియాలి. "అది పాఠకుడి ఊహకే వదిలేశాను" అనే రచయిత చాలాసార్లు తానే తేల్చుకోలేదన్నమాట. తేలకపోతే ఆధారాలు ఎక్కడ పెట్టాలో కూడా తెలియదు.

మన కథ ఇది. పర్లాకిమిడిలో ఒక విధవరాలు, పక్క వీధిలో ఆమె తమ్ముడు. మా వైపు అక్కని అప్ప అంటారు, మనమూ అలాగే పిలుద్దాం. అప్ప ఒక్కగానొక్క కొడుకు సూరత్ మరమగ్గాల్లో పనికి వెళ్లాడు. గంజాం, గజపతి జిల్లాల నుంచి సూరత్‌కి వలస ఇప్పటికీ మామూలే. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చింది, లక్షల మంది ఊరొదిలి పారిపోయారు. ఆ గొడవలో మేనల్లుడు చనిపోయాడు. మెస్సులో తోటివాళ్లు ఒడియాలో ఉత్తరం రాశారు. తమ్ముడు ఆ సంగతి అప్పకు చెప్పలేదు.

తర్వాత నెలలోనే, భూమిని కొడుకు పేరు మీదకు మార్పిస్తున్నానని చెప్పి రిజిస్ట్రారు ఆఫీసులో అప్ప చేత వేలిముద్ర వేయించాడు. అరెకరం 20,000 రూపాయలకు అమ్మేశాడు. అప్పట్నుంచి ప్రతి నెలా బరంపురం వెళ్లి, మేనల్లుడి పేరుతో అప్పకు 250 రూపాయల మనియార్డరు కడుతున్నాడు. అంటే అప్ప డబ్బే అప్పకు వస్తోంది. నాలుగేళ్లకు 12,000 అయింది. మధ్యలో తన కూతురి పెళ్లికి 5,000 తీసుకుని, నోటు పుస్తకంలో "అప్పు" అని రాసుకున్నాడు. 1998 వానాకాలంలో మేనల్లుడి గది సావాసగాడు అతని ట్రంకుపెట్టె పట్టుకుని నౌపడ నుంచి గుణుపురం వెళ్లే చిన్న రైలు దిగాడు. ఆ రాత్రి రేవు మెట్ల మీద అతను జారి, మహేంద్రతనయ నది వరదలో పడిపోయాడు. తమ్ముడు తొయ్యలేదు. చెయ్యి కూడా ఇవ్వలేదు.

ఇది రాసుకున్నాక ఎవరికి ఏది ఎప్పుడు తెలుసో ఒక కాగితం మీద వేరుగా గీసుకోండి. మన కథలో పోస్ట్‌మ్యాన్ ఉన్నాడు. మనియార్డరు ఫారం మీద ఏ ఆఫీసులో డబ్బు కట్టారో ఉంటుంది కాబట్టి, ఆ డబ్బు సూరత్ నుంచి రావట్లేదని మొదటి నెల నుంచీ అతనికి తెలుసు. నాలుగేళ్లు నోరు మెదపలేదు. ఎందుకు మెదపలేదన్న ప్రశ్న దగ్గర నాకైతే ఇంకో అధ్యాయం కనిపిస్తుంది.

మూడో మెట్టు: లాభాన్ని చిన్నదిగా ఉంచండి

ఈ మెట్టు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. తప్పొప్పుల సందిగ్ధం నిలబడేదీ కూలేదీ ఇక్కడే.

చాలామంది కథకుడికి కోట్ల ఆస్తి దక్కేలా రాస్తారు. కోట్లు దక్కిన మనిషికి తాను మోసగాడినని తెలుసు, పాఠకుడికీ తెలుసు, ఇక ఆలోచించడానికేం మిగలదు. 1959లో ఫెస్టింజర్, కార్ల్‌స్మిత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం థ్రిల్లర్ రాసేవాళ్లంతా గుర్తుంచుకోవాలి. విద్యార్థుల చేత చాలా విసుగు పుట్టించే పని చేయించి, తర్వాత వచ్చేవాళ్లకు అది సరదాగా ఉంటుందని అబద్ధం చెప్పమన్నారు. అందుకు కొందరికి 1 డాలరు, కొందరికి 20 డాలర్లు ఇచ్చారు. ఆ తర్వాత పని నిజంగా ఎలా ఉందని అడిగితే, బాగుందని ఎక్కువగా చెప్పింది 1 డాలరు తీసుకున్నవాళ్లు. 20 తీసుకున్నవాడికి డబ్బు కోసం అబద్ధమాడానని చెప్పుకోవడానికి కారణముంది. ఒక్క డాలరుకి అబద్ధమాడినవాడికి ఆ కారణం చాలదు, అందుకని తన మనసునే అబద్ధం వైపు జరుపుకుంటాడు.

మన తమ్ముడికి అందుకే పెద్ద లాభం పెట్టలేదు. నోటు పుస్తకంలో పైసా పైసా రాసుకుంటాడు. ప్రతి నెలా సొంత ఖర్చుతో బరంపురం బస్సెక్కుతాడు. అప్ప తమ్ముడి డబ్బు ముట్టదు, అంత అభిమానం. కొడుకు పంపిందంటే మాత్రం పాలు పోయించుకుంటుంది, మందులు కొనుక్కుంటుంది. ఆ 5,000 ఒక్కటే ముల్లు. పద్దు రాశాడు కాబట్టి అప్పా? అడగలేదు కాబట్టి దొంగతనమా? మీరు దీనికి జవాబు రాయకండి. కానీ ఆ పుస్తకాన్ని పాఠకుడి చేతిలో పెట్టండి.

తనను తాను సమర్థించుకోవడానికి మీ పాత్రకు మాటలు కూడా కావాలి. అవి అతను పెరిగిన ఇంట్లోంచే రావాలి. తెలుగింట్లో దీనికి కొరత లేదు. ప్రాణం, ధనం, మానం పోయే వేళ, పెళ్లిళ్ల విషయంలో బొంకినా పాపం లేదని శుక్రాచార్యుడు బలికి చెప్పిన మాట పురాణం విన్నవాళ్లందరికీ తెలుసు. తమ్ముడు దాన్ని గుర్తుచేసుకుంటాడు, పెళ్లి అన్న చోట కూతురి పెళ్లినీ కలిపేసుకుంటాడు. శుక్రుడు అంత చెప్పినా బలి ఆ మాట వినలేదన్న సంగతి మాత్రం అతనికి గుర్తు రాదు. మీరూ గుర్తుచేయకండి. పాఠకుడికి తెలుసు.

నాలుగో మెట్టు: కథకుడి వాక్యం అబద్ధం ఆడకూడదు

నేను ఎక్కడా సడలించని నియమం ఇదొక్కటే. పాత్రలు ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు. కథనంలో నడిచే ప్రతి వాక్యం మాత్రం రెండోసారి చదివినప్పుడు కూడా నిజంగానే నిలబడాలి. "ఆ రాత్రి నేను ఇల్లు కదల్లేదు" అని రాసి, చివర్లో "నిజానికి కదిలాను" అంటే పాఠకుడు మోసపోలేదు, అతనికి అన్యాయం జరిగింది.

దీనికి పాఠం కురుక్షేత్రంలోనే ఉంది. ధర్మరాజు నోట అబద్ధం రాదు కాబట్టి ముందు భీముడు అశ్వత్థామ అనే ఏనుగును నిజంగానే చంపాడు. ఆ తర్వాతే ఆ వాక్యం పుట్టింది. వాక్యం కోసం ముందు నిజాన్ని తయారుచేశారు. వినేవాడు ద్రోణుడు, తండ్రి. ఏ భయంతో ఉన్నాడో అదే వింటాడు. మీ పాఠకుణ్నీ అలాగే చూడండి, అతను దేనికి భయపడుతున్నాడో, ఏది కోరుకుంటున్నాడో దాని పక్కనే మీ నిజమైన వాక్యాన్ని పెట్టండి.

ఉత్తరం వచ్చిన రోజుని తమ్ముడు ఇలా చెబుతాడు:

"ఉత్తరం వచ్చింది. అరుగు మీద కూర్చుని రెండుసార్లు చదివాను. లోపల్నుంచే అప్ప అడిగింది, 'ఏటి రాసాడ్రా?' అని. 'ఊళ్లో రోగం వచ్చిందట అప్పా. అందరూ పారిపోతన్నారట. మనోడు ఇంక ఆ మిల్లులో లేడు' అన్నాను. అప్ప మహేంద్రగిరి వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది."

ఇందులో ఒక్క మాట అబద్ధం కాదు. ఉత్తరం ఎవరు రాశారో తమ్ముడు అనలేదు, అప్ప అనుకుంది, అప్పతోపాటు పాఠకుడూ అనుకున్నాడు. "రెండుసార్లు చదివాను" అన్న చోట ఒక్క క్షణం ఆగితే నిజం దొరికేది. మంచి వార్తను ఎవరూ అరుగు మీద కూర్చుని, ఇంట్లోకి వెళ్లకుండా, రెండుసార్లు చదవరు.

ఇక రేవు రాత్రి:

"సావాసగాడిని రైలుకి సాగనంపుదామని లాంతరు పట్టుకుని అడ్డదారిన బయల్దేరాను. రేవు మెట్లు పాకుడు పట్టి ఉన్నాయి. జాగ్రత్త అని చెప్పాను. ఇంటికి వచ్చేసరికి లాంతర్లో కిరసనాయిలు అయిపోవచ్చింది."

మధ్యలో సమయం మాయమైంది. ముందు పేజీలోనే, సాయంత్రం అప్ప ఆ లాంతరుని నిండుగా పోసి వత్తి కత్తిరించిందని రాసి ఉంటాం. నిండు లాంతరు ఖాళీ కావడానికి ఎంతసేపు పడుతుందో కరెంటు కోతల్లో పెరిగినవాళ్లకు తెలుసు. నిజం చెప్పే వాక్యాల మధ్య ఖాళీ వదలండి. ఆ ఖాళీ కొలవడానికి ఒక వస్తువు కూడా ఇవ్వండి.

ఐదో మెట్టు: ఆధారాలు ముఖంలో పెట్టకండి

చెమటలు పట్టడం, గొంతు తడబడటం, కళ్లు పక్కకు తిప్పుకోవడం ఇవన్నీ తీసేయండి. 2006లో బాండ్, డెపాలో అనే పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఎదుటివాడు చెప్పేది నిజమో అబద్ధమో చూసి, విని సరిగ్గా చెప్పగలిగింది సగటున 54 శాతమే. బొమ్మా బొరుసూ వేసినా దాదాపు అంతే వస్తుంది. అసలు జీవితంలో అబద్ధం ముఖంలో దొరకదు, కాగితాల్లో, లెక్కల్లో, అలవాట్లలో దొరుకుతుంది.

అప్పకు చదవడం రాదు. కానీ మనియార్డరుతో వచ్చే చీటీలన్నీ దేవుడి గూటి పక్కన ఇనప ఊచకు గుచ్చి ఉంచుతుంది. చదవలేని మనిషి అక్షరాలను బొమ్మల్లా చూస్తుంది. దసరాకి ముందు వచ్చిన చీటీల మీద రాత కుడి వైపు వాలి, నీలం సిరాలో ఉంది. తర్వాతవన్నీ గుండ్రంగా, నిటారుగా, నల్ల సిరాలో ఉన్నాయి. ఒక రాత్రి ఆమె ఊచ దించి, చీటీలు ఒక్కొక్కటే తీసి, రెండు కట్టలుగా పేర్చి, మళ్లీ అదే వరసలో గుచ్చుతుంది. తమ్ముడు అది చూస్తాడు. దుమ్ము దులుపుతోందని అనుకుంటాడు.

అసలు మలుపు ఇక్కడుంది: అప్పకు నాలుగేళ్లుగా తెలుసు. రిజిస్ట్రారు ఆఫీసులో గుమస్తా ఒడియాలో అడిగిన ప్రశ్న కూడా ఆమెకు అర్థమయ్యే ఉంటుంది, మాట వచ్చు కదా. అయినా వేలిముద్ర వేసింది. ఎందుకు ఊరుకుందో రెండు కారణాలు ఇవ్వండి, రెండూ బలంగా ఉండాలి. తమ్ముడు అబద్ధం ఆడుతున్నంత కాలం కొడుకు ఎక్కడో ఉన్నట్టే. తమ్ముడు భయపడుతున్నంత కాలం ముసలితనంలో తనను చూసేవాడు ఉన్నట్టే. ఒకటి కన్నతల్లి దుఃఖం, రెండోది లెక్క. రెంటిలో ఏది ముందో ఆమెకూ తెలియకపోవచ్చు.

ఆరో మెట్టు: జ్ఞాపకాన్ని నమ్మదగ్గ సాక్షిగా వాడకండి

1974లో లాఫ్టస్, పామర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కార్ల ప్రమాదం ఫిల్మ్ చూపించి, కార్లు ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. ప్రశ్నలో "తగిలాయి" అన్న మాట బదులు "ఢీకొని నుజ్జయ్యాయి" లాంటి మాట వాడితే వేగం ఎక్కువ చెప్పారు. వారం తర్వాత పగిలిన అద్దాలు చూశారా అని అడిగితే, ఆ గట్టి మాట విన్నవాళ్లలో మిగతావాళ్ల కన్నా ఎక్కువమంది చూశామన్నారు. ఫిల్మ్‌లో పగిలిన అద్దమే లేదు.

తమ్ముడు రేవు రాత్రిని కథలో మూడుసార్లు గుర్తుచేసుకోవాలి. మొదటిసారి చెయ్యి అందని దూరం. రెండోసారి అందే దూరమే కానీ చీకటి. మూడోసారి లాంతరు అతని చేతిలోనే ఉంది. ప్రతిసారీ ఎవరో అడిగిన ప్రశ్నను బట్టి జ్ఞాపకం కదులుతుంది. ఇది నాలుగో మెట్టులోని నియమాన్ని తప్పడం కాదా అంటారేమో. కాదు, "నాకు గుర్తున్నంతలో" అన్న మాట ఒక్కటి ముందే వేసి ఉంచండి.

ఏడో మెట్టు: గొంతు

వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. అక్కడి మనిషి చేత పుస్తకాల తెలుగు మాట్లాడించకండి. కథనం మామూలు వాడుక భాషలో ఉంచి, సంభాషణల్లో "ఏటి", "ఒస్తన్నాడు", "ఎల్లొచ్చాను" లాంటివి కొద్దిగా వాడితే చాలు. ఒక చిన్న కిటుకు ఉంది. మనిషి దాచేటప్పుడు కొంచెం మర్యాదగా, శుభ్రంగా మాట్లాడతాడు. తమ్ముడు యాస తగ్గిన చోటల్లా ఏదో దాస్తున్నాడని పాఠకుడు మెల్లగా పట్టుకుంటాడు.

ఎనిమిదో మెట్టు: నిజం బయటపడే దృశ్యం

శవం నదిలో కొట్టుకుపోయి ఆంధ్ర వైపు తేలింది. అక్కడ పంచనామా రాసి గుర్తు తెలియని వ్యక్తి అన్నారు. ఒడిశా వైపు ఎవరూ కనిపించట్లేదని ఫిర్యాదు ఇవ్వలేదు. కేసు అలా నలుగుతుండగా తమ్ముడే వెళ్లి ఎస్సై ముందు ఒప్పుకుంటాడనుకోండి. సినిమాల్లో కథ అక్కడితో ముగుస్తుంది. చట్టంలో ముగియదు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో రుజువుగా చెల్లదు. 1998 కథ కాబట్టి అది సాక్ష్యాధారాల చట్టం 25వ సెక్షన్. 2024 జూలై 1 తర్వాత జరిగే కథైతే భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ చూసుకోండి.

ఇది తెలిస్తే మీకు గొప్ప దృశ్యం దొరుకుతుంది. ఎస్సై అంతా విని, "ఇది నాకు పనికిరాదు, చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అంటాడు. చూసినవాళ్లు లేరు. విన్న మనిషి ఒకతె ఉంది, ఇంటికొచ్చిన చుట్టం ఎప్పుడు వెళ్లాడో, తమ్ముడు ఎప్పుడు తిరిగొచ్చాడో, లాంతర్లో ఎంత నూనె మిగిలిందో తెలిసిన మనిషి. ఎస్సై అప్ప ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. అప్ప ఏం చెబుతుందన్నదే మీ ఆఖరి అధ్యాయం. "మా తమ్ముడు ఆ రాత్రి ఇల్లు కదల్లేదు బాబూ" అంటే అది అతన్ని కాపాడటమా, జీవితాంతం కట్టిపడేయడమా?

వాడకూడనివి

చివర్లో కథకుడికి మానసిక జబ్బు అని తేల్చేయడం. ఇది అరిగిపోయిన దారి, పైగా జబ్బుతో బతికేవాళ్లందరినీ అనుమానించేలా చేస్తుంది. జబ్బు పేరు పెట్టగానే తప్పొప్పుల ప్రశ్న కూడా చచ్చిపోతుంది.

రెండోది, సవర, కోదు గిరిజనుల ఊళ్లను చిల్లంగి, చేతబడి కోసం భయం పుట్టించే అలంకారంగా వాడుకోవడం. ఆ ముద్ర పడి మనుషులు ఊళ్లు వదిలారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. మంత్రగత్తె అని వేధించడాన్ని శిక్షించడానికి ఒడిశా 2013లో ప్రత్యేక చట్టమే తెచ్చింది. రాయాలనుకుంటే ఆ ముద్ర ఎవరు వేశారు, దానివల్ల ఎవరి భూమి ఎవరికి దక్కింది అన్న వైపు నుంచి రాయండి. అది అసలైన సైకలాజికల్ థ్రిల్లర్ అవుతుంది.

ఆఖరి మెట్టు: దిద్దుబాటు

చిత్తుప్రతి అయ్యాక కథకుడు చెప్పిన ప్రతి వాక్యం కింద పెన్సిలుతో గీత గీస్తూ చదవండి. నిజమంతా తెలిసిన మనిషిగా చదివినప్పుడు ఏ వాక్యమైనా తప్పైతే దాన్ని మార్చాలి, లేదా ఆ మాటను ఏదో ఒక పాత్ర నోట్లో పెట్టాలి. తర్వాత లాంతరు, చీటీల ఊచ, నోటు పుస్తకం లాంటి వస్తువులు ఒక్కొక్కటి కనీసం రెండు చోట్ల కనబడుతున్నాయేమో చూడండి. మొదటిసారి ఇంటి పనిలో భాగంగా, ఎవరూ పట్టించుకోనట్టుగా కనబడాలి.

ఆపైన ఇద్దరికి ఇచ్చి చదివించండి, వీలైతే ఒకరు మీ కన్నా పెద్దవాళ్లయి ఉండాలి. బాగుందా అని అడగకండి. "తమ్ముడి మీద కేసు పెట్టాలా? ఆ 5,000 తిరిగివ్వాలంటే ఎవరికివ్వాలి? అప్ప చేసింది తప్పా?" అని మూడే ప్రశ్నలు అడగండి. ఇద్దరూ అన్నిటికీ ఒకే జవాబు చెబితే మూడో మెట్టుకి వెళ్లి లాభనష్టాల లెక్క మళ్లీ చూసుకోండి. ఇద్దరూ మీ ముందే వాదించుకోవడం మొదలుపెడితే ప్రతిని పత్రికకు పంపించవచ్చు.